మూడేళ్ళు నిండిన మొగ్గ

బదిలీ ఉత్తర్వు వచ్చేనాటికి మొక్క మొగ్గ తొడిగి పదిరోజులైంది.

ఉత్తర్వు మీద తారీకు మార్చి ఆరు. చలిమెట్ట శీతల పుష్ప పరిశోధనా ఉపకేంద్రంలో గౌరవ కార్మికుడి హోదాలో పనిచేస్తున్న బంగళాపువ్వు మొక్క, సర్వీసు నంబరు పద్నాలుగు, ఒకేచోట మూడేళ్ళు పూర్తి చేసుకున్నందున, ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఉప్పరేవు ఉపకేంద్రానికి బదిలీ అయింది. వారంలోగా అక్కడ విధుల్లో చేరాలి. చేరకపోతే శాఖాపరమైన చర్యలు తప్పవు.

టైలరు గంగరత్నం ఆ కాగితాన్ని ఆఫీసు వరండాలో నిలబడి రెండుసార్లు చదివింది. ఉప్పరేవు సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ ఏప్రిల్లో నలభై రెండు డిగ్రీలు. ఈ మొక్క పుట్టిందే మంచు గడ్డకట్టే చలిలో. అక్కడికి పంపితే మొగ్గ విచ్చుకోదు సరికదా, మొక్కే మిగలదు.

"ఏటండి పోలినాయుడు గారూ ఇది? మొక్కని బదిలీ చేయడమేటండి?"

సీనియర్ గుమస్తా పోలినాయుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మూడేళ్ళు నిండాయి కదా గంగరత్నమ్మా. నిండితే ఎవుడికైనా అంతే. నన్నూ ఆరుసార్లు పంపేరు."

"అది పువ్వు పూయడానికి మూడేళ్ళు పడతాది బాబూ!"

"బదిలీ అవడానికీ అంతే పడతాది," అన్నాడు పోలినాయుడు విచారంగా.

ఇదంతా నాలుగేళ్ళ కిందట, ఒక బ్లౌజు కొలతల దగ్గర మొదలైంది.

చలిమెట్ట కొండ మీద ఊరు. డిసెంబరు వస్తే బకెట్లో నీళ్ళ మీద మంచు పలక కడుతుంది. అక్కడి పాత ప్రయాణికుల బంగళా ముందు, ఎవరు నాటారో తెలియని ఐరిస్ మొక్కలు ఏటా మార్చిలో నీలంగా పూస్తాయి. ఊళ్ళో వాటిని బంగళాపువ్వులంటారు. బంగళా వంటమనిషి భార్యకు బ్లౌజు కొలతలు తీయడానికి వెళ్ళిన గంగరత్నం అక్కడ నీలం పూల పక్కన ఇంకో పువ్వు చూసింది. అదీ బంగళాపువ్వే, కానీ గంధం రంగు. ఎవరో యాత్రికుడు ఉత్తరాది కొండల నుంచి దుంప తెచ్చి పాతి వెళ్ళాడట.

గంగరత్నం దుకాణంలో నూట ఎనభై ఆరు రంగుల దారాలున్నాయి. ఎవరు ఏ చీర ముక్క తెచ్చినా పెట్టెలో చేయి పెట్టి సరిపోయే ఉండ తీసేది. ఆ రెండు పూలనూ చూసిన రోజు ఆమెకో సందేహం వచ్చింది. ఈ నీలాన్నీ ఈ గంధాన్నీ కలిపితే ఏ రంగొస్తుంది?

దారాల సంగతైతే చెప్పగలదు. పూల సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. పోస్టులో తెప్పించుకున్న ఒక పాత తోటపని పుస్తకం మాత్రం ఎలా కలపాలో చెప్పింది. మర్నాడు తేనెటీగలు లేవకముందే వెళ్ళి, నీలం పువ్వు కింది రేకులు మూడూ తుంచేసింది, ఈగ వాలడానికి చోటు లేకుండా. గంధం పువ్వులోంచి పుప్పొడి కాడను కనుబొమల పట్టకారుతో తీసి, నీలం పువ్వు లోపల, చిన్న పెదవిలా ఉన్న చోట రుద్దింది. బ్లౌజులకు కట్టే గుడ్డ చీటీ ఒకటి కాడకు కట్టింది. దాని మీద రాసింది: తల్లి నీలం, తండ్రి గంధం.

కాయ నిలిచింది. రెండు నెలలకు ఎండి పగిలింది. మిరియాలంత గింజలు నలభై. అక్టోబరులో నూనె డబ్బాల్లో వేసి వెనక వసారా గట్టు మీద పెట్టింది. ఈ గింజకు చలి తగిలితేనే నిద్ర లేస్తుందని పుస్తకం చెప్పింది. చలిమెట్టలో చలికి కొరతేమిటి? డబ్బాల మీద తెల్లగా మంచు పేరుకుంది. ఫిబ్రవరి పంతొమ్మిదిన పదకొండు మొలకలు వెల్లుల్లి ఆకుల్లా లేచాయి.

కష్టం అక్కడ మొదలైంది. గంగరత్నం ఇల్లు దుకాణం వెనకే, రెండు మేడల మధ్య. ఎండ లేదు. దుంపకు ఎండ తగలకపోతే పువ్వు రాదు. ఊళ్ళో ఎండ కాసే, మేకలు దూరని ఖాళీ స్థలం అంటే ఉపకేంద్రమే. రెండెకరాలు, పదకొండు మంది సిబ్బంది. పూలు లేవు.

సహాయ సంచాలకులు చిదంబరేశ్వర్రావు ఆమె అర్జీని ఎండలో కుర్చీ వేయించుకుని చదివారు.

"ఇది ప్రభుత్వ ప్రాంగణం. ఇందులో సిబ్బంది తప్ప అన్యులు నిలువరాదు. తమ మొక్క నిలుచునా?"

"మొక్క కదండి, నిలబడే ఉంటాది. కూకోదు."

"అయినచో నిలువరాదు."

గేటు దగ్గర పోలినాయుడు వెనక నుంచి వచ్చి కలుసుకున్నాడు. "ఏటి గంగరత్నమ్మా, అలా ఎల్లిపోతన్నావు? ఆయనన్న మాట సరిగ్గా ఇన్నావా? సిబ్బంది తప్ప అన్నాడు. మనకాడ గౌరవ కార్మికుడి పోస్టొకటి ఎనిమిదేళ్ళుగా ఖాళీ. జీతం లేదని ఎవుడూ రాడు. ఏటా పైనుంచి తిడతన్నారు, ఎందుకు భర్తీ చేయలేదని."

"మొక్కని ఉద్యోగంలో ఎలా ఏస్తారండి?"

"మొక్కని ఏయకూడదని ఎక్కడుంది?"

ఇద్దరూ కలిసి దరఖాస్తు నింపారు. ఎక్కడా పెన్ను ఆగలేదు. తల్లి పేరు, తండ్రి పేరు గుడ్డ చీటీ మీదే ఉన్నాయి. పుట్టిన తేదీ ఉంది. పుట్టుమచ్చలు: ఆకు మొదట్లో ఊదారంగు మరక. విధులు: పూయుట. విద్యార్హతల గడి దగ్గర మాత్రం పోలినాయుడు కాసేపు ఆలోచించి, 'వర్తించదు' అని గుండ్రంగా రాశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అది ఆయనకు బాగా ఇష్టమైన మాట.

ఒక్క పోస్టే కాబట్టి ఒక్క మొలకే తీసుకుంటామన్నారు. పదకొండు డబ్బాలనూ వరండాలో వరుసగా పెట్టించి చిదంబరేశ్వర్రావు ఇంటర్వ్యూ జరిపారు. పొడుగ్గా, నిటారుగా ఉన్నదాన్ని ఎంపిక చేశారు. మార్చి రెండున అది విధుల్లో చేరింది. తక్కిన పదింటిలో ఆరు వానాకాలం కుళ్ళిపోయాయి. నాలుగింటిని ఆ డిసెంబరు మంచు వేళ్ళతో సహా పైకి లేపేసింది.

అంటే రెండు పూలు కలిస్తే ఏ రంగో చెప్పగలిగేది ఈ లోకంలో ఆ ఒక్క మొక్కే. అది ప్రభుత్వోద్యోగంలో ఉంది.

మొదటేడు ఏ చిక్కూ లేదు. గంగరత్నం రోజూ ఉదయం నీళ్ళు పోయడానికి వెళ్ళేది, రిజిస్టరులో 'ఉద్యోగి బంధువు' అని సంతకం పెట్టి. దుంప వీపు ఎండకు తేలేలా మట్టి సర్దేది. చలికాలం చోడిగడ్డి కప్పేది.

రెండో ఏడు హాజరు యంత్రం వచ్చింది. బొటనవేలు పెడితే హాజరు పడుతుంది. పద్నాలుగో నంబరుకు బొటనవేలు లేదు కాబట్టి పోలినాయుడు ఆకు కొనను ఆనించాడు. యంత్రం పచ్చదీపం వెలిగించింది. చలికి వేళ్ళు ముడుచుకుపోయిన సిబ్బందిని మాత్రం అది గుర్తుపట్టడం మానేసింది. నెలాఖరు సమావేశంలో చిదంబరేశ్వర్రావు గోడ మీద పట్టిక తగిలించారు. మొత్తం కార్యాలయంలో నూటికి నూరు హాజరు ఒక్కరికే.

"పద్నాలుగో నంబరును చూసి నేర్చుకొనుడు," అన్నారాయన. "ఎన్నడైనా టీ కొట్టు వద్ద కనిపించినదా?"

డిసెంబరులో ఆకులు ఎండిపోయాయి. చలిలో ఈ జాతి చేసే పనే అది, దుంపలో దాక్కుని నిద్రపోతుంది. యంత్రం ఎర్రదీపం వెలిగించింది. ముందస్తు అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు సంజాయిషీ కోరుతూ మొక్క పక్కన కర్ర పాతి మెమో అంటించారు. గంగరత్నం బంధువు హోదాలో జవాబు రాసింది: 'అయ్యా, చలికి పడుకుంది. లేస్తాది.' నలభై ఐదు రోజుల వైద్య సెలవు మంజూరైంది. ఫిబ్రవరిలో ఆకు లేవగానే ఆరోగ్యంగా ఉన్నట్టు ధ్రువపత్రం అడిగారు. పశువుల డాక్టరు సంతకం పెట్టాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఈ ఫిబ్రవరి చివర ఆకుల మధ్య నుంచి కాడ లేచింది. దాని చివర ఒక్కటే మొగ్గ. ఆకుపచ్చ తొడుగులో బిగించి కట్టిన మూటలా ఉంది. రంగు కనిపించడం లేదు. గంగరత్నం రోజూ దారాల పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళి చూస్తోంది.

అప్పుడు వచ్చింది ఉత్తర్వు.

"నానే తవ్వి ఎత్తుకుపోతాను," అంది గంగరత్నం.

పోలినాయుడు ఉలిక్కిపడ్డాడు. "తప్పమ్మా. సర్వీసు రిజిస్టర్లో ఉన్న మనిషిని ఎత్తుకుపోతే అపహరణ కేసు."

చిదంబరేశ్వర్రావు మాత్రం సానుభూతిగానే మాట్లాడారు. మినహాయింపుల జాబితా తెప్పించి వేలు పెట్టి చదివారు.

"భార్యాభర్తల కోటా కలదు. ఇది వివాహితయా?"

"లేదండి."

"వృద్ధులైన తల్లిదండ్రుల సంరక్షణ కలదు."

"తల్లి ఇక్కడే ఉందండి, బంగళా కాడ. తొంభై ఏళ్ళ పైనే ఉంటాయి."

"వైద్య మండలి ధ్రువపత్రం?"

"ఆవిడ బాగానే ఉందండి. మొన్నే పూసింది."

"అయినచో సంరక్షణ అనవసరం." ఆయన వేలు కిందికి జారింది. "గుర్తింపు పొందిన సంఘ బాధ్యులు. వీరిని పదవీకాలంలో కదుపరాదు. ఇది తమకు వర్తించదనుకొందును."

గంగరత్నం అప్పటికే లేచి నిలబడింది.

సిబ్బంది సంఘం కార్యదర్శి బంగార్రాజు వెనక షెడ్డులో క్యారమ్స్ ఆడుతున్నాడు. విషయం విని స్ట్రైకర్ పక్కన పెట్టాడు.

"దాన్నా? ఆ హాజరు పట్టికతో రెండేళ్ళుగా మా పరువు తీస్తందది. పోతే పోనీ వదినా, పీడ పోద్ది."

"నువ్వే ఆలోచించు బాబూ. అది సంఘంలో ఉంటే నీ మనిషే కదా. నీ మనిషిని చూపించి నిన్నెలా తిడతారు? అది సమ్మె చేస్తే ఆయన గోడ మీద ఇంకేటి తగిలిస్తాడు?"

బంగార్రాజు లేచి ఆమెకు స్టూలు జరిపాడు. "వదినా, నువ్వు బ్లౌజులు కుట్టుకుని బతకడం సంఘానికి నష్టం."

ఆ సాయంత్రమే సర్వసభ్య సమావేశం జరిగింది. సంయుక్త కార్యదర్శి పదవికి ఒకే నామినేషన్ వచ్చింది. అభ్యర్థిని ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. మొక్క ఏకగ్రీవంగా గెలిచింది. బంగార్రాజు దాని కాడకు ఎర్ర రిబ్బను కట్టబోతే గంగరత్నం ఆపి, రిబ్బన్ని కర్రకు కట్టించింది. "నిరాడంబరుడైన నాయకుడు," అని అందరూ చప్పట్లు కొట్టారు. బదిలీ ఆగిపోయింది.

రెండు రోజులు గంగరత్నం హాయిగా మిషను తొక్కింది. మూడోరోజు, శనివారం, పోలినాయుడు రెండు కాగితాలతో దుకాణానికి వచ్చాడు.

మొదటిది సంఘానిది. చలికి ముడుచుకున్న వేళ్ళను గుర్తించని హాజరు యంత్రాన్ని తొలగించాలని సోమవారం నుంచి మూడురోజుల సమ్మె. ఏ సభ్యుడూ తన విధి నిర్వర్తించరాదు. నిర్వర్తించిన బాధ్యుల్ని పదవి నుంచి తొలగిస్తారు.

"విధి అంటే?" అంది గంగరత్నం. అడుగుతూనే ఆమెకు గుర్తొచ్చింది.

"మనమే రాశాం కదమ్మా. విధులు, పూయుట."

అంటే సోమవారం పూస్తే పదవి పోతుంది. పదవి పోతే ఉప్పరేవు.

రెండో కాగితం చిదంబరేశ్వర్రావుది. సమ్మె చట్టవిరుద్ధం. పద్నాలుగో నంబరు మూడేళ్ళుగా పని చూపనందున, తొలి పుష్పం విషయమై గురువారం ఉదయం పదకొండు గంటలకు తాము స్వయంగా తనిఖీ చేయుదురు. అప్పటికి పని కనబడనిచో తొలగింపు.

"తొలగింపు అంటే ఉప్పరేవు పంపుతారా?"

"కాదు. ఉద్యోగంలోంచే పీకేస్తారు. ప్రాంగణం బయటకి గెంటేస్తారు." పోలినాయుడు కాగితం మడిచాడు. "ఇంత సర్వీసూ పోతాదమ్మా."

ఆయన వెళ్ళాక గంగరత్నం ఉపకేంద్రానికి పోయి మొగ్గ చూసింది. తొడుగు ఒకవైపు సన్నగా చీలింది. లోపల ఏదో ముదురు రంగు, దారం పోగంత. ఈ లెక్కన సోమవారం తెల్లారి విచ్చుకుంటుంది. మూడు రోజులుంటుంది ఒక బంగళాపువ్వు. బుధవారం సాయంత్రానికి వాడిపోతుంది. గురువారం ఆయనొస్తారు.

ఆమె తిన్నగా బంగార్రాజు ఇంటికి వెళ్ళింది.

"ఒక్క మాట చెప్పు బాబూ. ఆఫీసు ఎన్నింటికి?"

"పదిన్నరకి."

"పదిన్నరకి ముందు నువ్వు ఇంటికాడ పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తే అది డ్యూటీయా?"

"ఛ! అది నా సొంత పని."

"సాయంత్రం ఐదున్నర తరవాత?"

"అదీ నా సొంతమే. సంఘం దాని జోలికి రాదు. వదినా, నువ్వు మళ్ళీ ఏదో కుడతన్నావు."

నిజమే, కుడుతోంది. ఆదివారమంతా కూర్చుని నల్లటి పల్చటి గుడ్డతో ఒక ముసుగు కుట్టింది. రేకులకు తగలకుండా లోపల వెదురు పుల్లల పంజరం, కింద జారుముడి, గాలి ఆడటానికి నాలుగు కాజాలు. ముందు వైపు తెల్లదారంతో 'సమ్మెలో ఉన్నాను' అని కుట్టింది. జీవితంలో కొలతలు తీయకుండా కుట్టిన మొదటి ఆర్డరు అది.

సోమవారం ఆరుకి ముందే వెళ్ళింది. ఇంకా మంచు విడలేదు, మూడడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. కాపలాదారు సమ్మెలో ఉన్నాడు కాబట్టి గేటు తీసే ఉంది. మొక్క దగ్గర పీట వేసుకుని కూర్చుంది. పక్కన దారాల పెట్టె.

మొగ్గ కదిలింది. తొడుగు వెనక్కి తప్పుకుంది. మెలిక వదులైంది. మొదట ఒక రేకు కిందికి జారింది, తడి గుడ్డ ఆరేసినట్టు నెమ్మదిగా. తరువాత మిగిలిన రెండు. పై మూడు రేకులు గోపురంలా నిలబడ్డాయి.

గంగరత్నం పెట్టె మూత తీసింది. వక్క రంగు తీసి పక్కన పెట్టి చూసింది. కాదు. వేయించిన కాఫీ గింజ. కాదు. తేనె, కుంకుమపువ్వు, నేరేడు, పాత రాగి. ఒక్కొక్కటీ పట్టి చూసి కింద పెట్టింది. పై రేకులు మొదట్లో తేనెలా ఉండి అంచుకు పొగలోకి తిరిగిపోతున్నాయి. కింది రేకులు నేరేడులో మొదలై, రాగిలోంచి సాగి, చివర గంధంతో సన్నటి అంచు కట్టినట్టు ముగిశాయి. వెలుతురు పెరిగేకొద్దీ రంగు మారుతోంది. తొమ్మిదయ్యేసరికి నూట ఎనభై ఆరు ఉండలూ గడ్డి మీద ఉన్నాయి. ఒక్కటీ సరిపోలేదు.

ఆమెకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళ వృత్తిలో చేయి తప్పడం ఇదే మొదలు. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి వెళ్ళబోతే ముక్కు తుడుచుకుని పట్టకారు తీసింది. బంగళా నుంచి తెచ్చిన గంధం పుప్పొడి ఈ పువ్వు పెదవికి రుద్ది, కొత్త గుడ్డ చీటీ కట్టింది. పదీ ఇరవై ఎనిమిదికి ముసుగు తొడిగి ముడి బిగించింది.

పదిన్నరకు బంగార్రాజు జనంతో వచ్చి ముసుగు చూసి చలించిపోయాడు.

"చూడండి కామ్రేడ్స్! మొహం కూడా చూపించడం లేదు! ఈ పోరాటపటిమ మనలో ఎంతమందికుంది?"

మంగళ, బుధవారాలూ అదే వరుస. తెల్లవారి నుంచి పదిన్నర దాకా పువ్వు సొంత పని, తరువాత సమ్మె, ఐదున్నర నుంచి చీకటి పడేదాకా మళ్ళీ సొంత పని. మంగళవారం సాయంత్రం పోలినాయుడు ఎవరూ చూడకుండా వచ్చి పది నిమిషాలు నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు, "ఇలాంటిది మనాఫీసులో ఉందంటే నమ్మరమ్మా," అన్నాడు.

గురువారం పదకొండింటికి చిదంబరేశ్వర్రావు గొడుగుతో వచ్చారు. ముసుగు తీయించారు. కాడ చివర ముడుచుకుపోయిన, తడిసిన కాగితం ముక్కలాంటిదేదో వేలాడుతోంది.

"ఇది ఏమి?"

"సంయుక్త కార్యదర్శి పని అండి," అన్నాడు బంగార్రాజు భక్తిగా.

"పనియే కానరాదు. పోలినాయుడూ, వ్రాయుము."

పోలినాయుడు నివేదిక ఫారం తెరిచాడు. పువ్వు రంగు అన్న గడి వచ్చింది. ఆయన గంగరత్నం వైపు చూశాడు. ఆమె దారాల పెట్టె వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన గుండ్రంగా, జాగ్రత్తగా, 'వర్తించదు' అని రాశాడు.

మధ్యాహ్నానికి ఉత్తర్వు టైపయింది. మూడేళ్ళ సర్వీసులో ఎట్టి పనీ చూపనందున సర్వీసు నంబరు పద్నాలుగును తొలగించడమైనది. ఇరవై నాలుగు గంటల్లో ప్రాంగణం బయటకు పంపవలెను.

"అప్పీలు చేద్దాం వదినా!" అన్నాడు బంగార్రాజు. "రాజధాని దాకా ఎల్దాం!"

"ఒద్దు బాబూ. కొన్నాళ్ళు రెస్టు తీసుకోనీ."

గడ్డపారతో చుట్టూ మూరెడు వదిలి, మట్టిగడ్డతో సహా ఎత్తింది. పోలినాయుడు రెండో పక్క పట్టాడు. ఇద్దరూ గేటు దాటి, ప్రహరీ వెంబడి నాలుగడుగులు నడిచి, గోడకు అవతలి పక్క, అదే ఎండలో, గుంట తీసి దించారు. మేకలు రాకుండా ముళ్ళకంప నాటారు.

"ఈ స్థలం ఎవులిదండి?" అంది గంగరత్నం చేతులు దులుపుకుంటూ.

"రోడ్ల శాఖది. వాళ్ళకి పూలంటే ఇంకా తెలీదు." పోలినాయుడు వంగి చూశాడు. వాడిన పువ్వు కింద, కాడ కాస్త ఉబ్బినట్టుంది. "కాయ నిలిచినట్టుందే! గింజలొస్తాయి. గంగరత్నమ్మా, ఉద్యోగం పోయినోళ్ళ పిల్లలకి కారుణ్య నియామకం అని ఒకటుంది. పోస్టెలాగూ ఖాళీయే. దరఖాస్తు పెడదామా?"

గంగరత్నం జాకెట్లోంచి ఖాళీ గుడ్డ చీటీ తీసింది. పాత చీటీ మీద తల్లి పేరు, తండ్రి పేరు ఉన్నాయి కానీ పువ్వు పేరు లేదు. పువ్వు చూశాక పెడదామని మూడేళ్ళు ఆగింది. పోలినాయుడి జేబులోంచి పెన్ను లాక్కుని, గోడకు ఆనించి, ఆయన రాతలాగే గుండ్రంగా రాసి కాడకు కట్టింది.

పోలినాయుడు కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు.

'వర్తించదు.'